గాలి గేటు వైపు తిరిగిన మధ్యాహ్నం

భీమవరం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక రొయ్యల ప్లాంటులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. చేరింది క్వాలిటీ సూపర్‌వైజర్‌గా. సేఫ్టీ చూసే ఆయన మానేసి వెళ్లిపోయాక, "కొత్తాయన వచ్చేదాకా కాస్త మీరు చూడండి మేడమ్" అని మేనేజర్ గారు ఆ ఫైళ్లు నా బల్ల మీద పెట్టించారు. కొత్తాయన రాలేదు. ఫైళ్లు అక్కడే ఉండిపోయాయి.

సేఫ్టీ అంటే మా దగ్గర ముఖ్యంగా అమ్మోనియా. రొయ్యను గడ్డకట్టించే ఫ్రీజర్లన్నీ దాంతోనే నడుస్తాయి. పైపు ఎక్కడైనా లీకైతే ఆ ఘాటుకి కళ్లు తెరవలేం, ఊపిరి అందదు. అందుకే మూడు నెలలకోసారి మాక్ డ్రిల్ పెట్టాలి. సైరన్ మోగగానే హాల్లో రొయ్యలు వలిచే ఆడవాళ్లంతా పని ఆపి, మెయిన్ గేటు పక్కనున్న పచ్చబోర్డు కిందికి రావాలి. నేను హాజరు పట్టీ చూసి పేర్లు పిలవాలి. ఒక ఫోటో తీసి ఫైల్లో పెట్టాలి.

ఎవరికీ నచ్చేది కాదు. ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొద్దుటి నుంచీ నిలబడ్డవాళ్లు వాళ్లు. బయటికొస్తే మళ్లీ బూట్లు కడుక్కుని, ఏప్రాన్ మార్చుకుని లోపలికెళ్లాలి. ఆ ఆలస్యమంతా సాయంత్రం ఇంటికెళ్లే టైములోంచి పోతుంది. నిజం చెప్పాలంటే నాకూ విసుగే. ఫోటో బాగా రాలేదని ఒకసారి రెండోసారి నిలబెట్టాను. వాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

వలిచేవాళ్లలో అందరికంటే పెద్దావిడ ఒకామె ఉండేది. అందరూ పెద్దమ్మా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒక డ్రిల్లు అయ్యాక నా దగ్గరికొచ్చి, "మేడంగారూ, ఒక మాట అడగనా అండి? ఆ మిషన్ల రూము అటుంది. మేం పరిగెత్తి ఇటొస్తున్నాం. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి అట్నుంచి ఇటే కదండీ కొట్టేది? మరి ఆ గ్యాసు మా వెనకాలే రాదా ఏంటి?" అంది.

గదికెళ్లి డ్రిల్లు ప్లాను తీసి చూశాను. ప్లాను ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీసింది. అందులో గేటు ఉంది, బాణం గుర్తులున్నాయి. గాలి లేదు.

అదే మాట కాగితం మీద రాసి మేనేజర్ గారికిచ్చాను. హాలు తూర్పు పక్క తలుపు తీయిస్తే చెరువు గట్టు మీదికి వెళ్లొచ్చని కూడా రాశాను. ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. సరుకు బయటికి పోతుందని భయం. ఆయన చదివి, "ఇప్పుడే ఆడిట్ అయిందండి. బోర్డులన్నీ వేయించేశాం. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. చెడ్డమనిషి కాదు. ఆయనా అలిసిపోయే ఉన్నారు. నేను మళ్లీ అడగలేదు.

తర్వాత రెండు నెలలకనుకుంటా, భోజనాలయ్యి అందరూ బల్లల దగ్గరికి చేరాక ఘాటు వచ్చింది. ముందు ముక్కులో, ఆ వెంటనే కళ్లల్లో. సైరన్ మోగింది. అలవాటు కొద్దీ అందరూ గేటు వైపు తలుపుకి నడిచారు. ముందున్న ఇద్దరు తలుపు తీసి, దగ్గుతూ వెనక్కొచ్చేశారు. గాలి అంతా అటే కొడుతోంది.

"అటొద్దు, తూర్పు తలుపుకి రండి!" అని అరిచాను. తాళం చెవి గేటు దగ్గర సెక్యూరిటీ పెట్టెలో ఉందని అరిచాకే గుర్తొచ్చింది.

పెద్దమ్మ నా వైపు చూడలేదు. ఐసు దిమ్మలు పగలగొట్టే సుత్తి తీసుకుని తాళం మీద కొట్టింది. రెండోసారికి గొళ్లెంతో సహా ఊడి పడింది. "తువ్వాళ్లు తడిపి మూతికి పెట్టుకోండే!" అని మిగతావాళ్లని గదమాయించింది. అందరం గట్టు మీద పడ్డాం. గాలికి అడ్డంగా, చెరువుల మధ్య నుంచి, ఘాటు తగ్గేదాకా నడిచాం.

అక్కడ ఆగి చూసుకుంటే హాజరు పట్టీ నా చేతిలో లేదు. హాల్లోనే వదిలేశాను. ఎవరున్నారో ఎవరు లేరో తెలియదు. వాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వస్తారు. పెద్దమ్మే, "ఏ ఆటోవాళ్లు ఆ ఆటోవాళ్లని చూసుకోండి" అంది. నిమిషంలో తేలిపోయింది. ఒక ఆటోలో వచ్చే ఆమె లేదు. బాత్రూముకని వెళ్లిందట.

సేఫ్టీ నాది. వెళ్లాల్సింది నేనేనేమో అనిపించింది. కానీ ఒక్క అడుగు కూడా వేయలేకపోయాను. ఫోన్ చేసి, మిషన్ల రూములో కంప్రెసర్ నడిపే ఆపరేటర్ గారికి చెప్పాను. వాల్వు కట్టేసి అప్పుడే బయటికొచ్చారాయన. గాలి సిలిండరున్న మాస్కు ప్లాంటు మొత్తానికి ఒక్కటే, అది ఆయన దగ్గరే ఉంది. మళ్లీ లోపలికెళ్లి ఆమెని భుజాన వేసుకుని తెచ్చారు.

ఆమె నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. మిగతావాళ్లు కళ్లల్లో చుక్కలు వేయించుకుని ఇళ్లకెళ్లారు. మూడో రోజుకల్లా ప్లాంటు నడిచింది. తాళం ఎవరు పగలగొట్టారో, ఎవరు చెబితే పగలగొట్టారో రాసిమ్మని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎవరు కొట్టారో చూడలేదని, నేను చెబితేనే కొట్టారని రాశాను. అది నిజం కాదు. ఒక్క పెద్దమ్మ పేరు అందులో రాకుండా ఉంటే చాలనుకున్నాను.

తర్వాత తూర్పు తలుపుకి లోపల్నుంచి తోస్తే తెరుచుకునే గడియ పెట్టించారు. గట్టు మీద ఇంకో బోర్డు వెలిసింది. ఇప్పుడు డ్రిల్లులో ఆటోల వారీగా లెక్క చూస్తున్నాం. విసుక్కోవడం మాత్రం పోలేదు. నేనూ వాళ్లని ఏమీ అనను. సేఫ్టీ పని నాకొద్దని రెండుసార్లు అడిగాను. "ఇప్పుడు మీకంటే తెలిసినవాళ్లెవరండీ" అంటున్నారు.

ఆ లీకైన మూడో రోజు, ఆసుపత్రిలో ఉన్న ఆమెని చూడ్డానికి వెళ్లాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నన్ను మోసుకొచ్చింది మీరేనా మేడమ్? నాకేం గుర్తులేదండి" అంది.

"కాదమ్మా. ఆపరేటర్ గారు. నేను గట్టు మీదే ఉండిపోయాను."

ఆమె, "మంచిదేలెండి. మీరూ లోపలికొచ్చి పడిపోతే, పాపం ఆయన ఇద్దర్నీ మోయాల్సొచ్చేది" అంది.

నా మీద కోపం లేకుండానే అంది. నేను తీసుకెళ్లిన బత్తాయిలు ఒలిచి ఆమె చేతిలో పెట్టాను. వాళ్లమ్మ వచ్చేదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాను.