వీరయ్య ఎత్తిన చెయ్యి

అంకుశం ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో అతను కుడి పక్కనుంచి బంతి తీసుకుని దూసుకుపోతుంటే, భివండి ధామన్కర్ నాకా కూడలిలో ఆటోవాళ్లు సవారీలు వదిలేసి చూడటానికి వచ్చేవాళ్లట. ఇందులో కొంత కోతలున్నా ఆట మాత్రం నిజం. ముంబయి క్లబ్బు ఒకటి రమ్మంది కూడా. ఆ వానాకాలంలోనే మోకాలు చెడింది, ఇక ఎవరూ పిలవలేదు. తర్వాత నాగావ్‌లో సాంచా, అంటే మరమగ్గం, నడుపుకుంటూ సెలవు రోజుల్లో నార్పోలి జట్టుకు కోచ్ అయ్యాడు. కోచ్ అంటే పెద్ద మాటే గానీ, జిల్లా పోటీల్లో అట్టడుగుకు ఒక్క మెట్టు పైన వేలాడే జట్టు అది. తన చేతి కింద అది ఒక్కసారి పైకెక్కాలని అతని ఆశ.

ఆ కోచ్ పని అతనికంటే ముందు వీరయ్యది. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు, సాంచాను తిప్పే పట్టా మింగేసింది. సాంచాల మోతలో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఏళ్లు గడిచేసరికి చెవులు కూడా మొద్దుబారతాయి. వీరయ్య ఆ సైగలనే మైదానంలోకి తెచ్చాడు. వాటిలో ఒకటి ఆటది కాదు. అరచెయ్యి పైకెత్తి నిలిపితే సాంచా ఆపమని. అది కనిపిస్తే ఎవరెత్తారు, ఎందుకెత్తారు అని అడగరు, ముందు ఆపేస్తారు. ఎవరో పట్టాలో ఇరుక్కుని ఉండొచ్చు.

వీరయ్య చనిపోయిన మరుసటి ఏడు, జట్టు ఉన్నచోట నిలవాలంటే ఆఖరి ఆట ఓడకూడదు. శుక్రవారం, సాంచాలన్నీ బందు. వారం వారం వచ్చినా ఆ నిశ్శబ్దం భివండిలో ఎవరికీ అలవాటు కాదు. ఆట సమంగా సాగుతుండగా నార్పోలి ఆటగాళ్లంతా ఉన్నవాళ్లు ఉన్నట్టే నిలబడిపోయారు. అవతలివాళ్లు తాపీగా గోల్ కొట్టారు. అంకుశానికి ఒళ్లు మండిపోయింది. అప్పుడు చూశాడు, బంతికి చాలా దూరంలో తన జట్టు కుర్రాడు నిలేష్ నేలమీద కొట్టుకుంటున్నాడు, నోట్లోంచి నురగ. ఆట ఆగింది కాబట్టే ఎవరో ఒకరు చూశారు, మనిషి బతికాడు.

జట్టు మాత్రం కిందికి పడిపోయింది. ఆసుపత్రి వరండాలో గోల్‌కీపర్ భూషణ్‌ను అంకుశం నిలదీశాడు.

"నువ్వే గద అన్నా చెయ్యెత్తింది?" అన్నాడు భూషణ్. అంకుశం మొహం చూసి మాట మార్చాడు. "నువ్వు గాదంటే నీ ఎడమ పక్కన నిలవడ్డాయన. గా చేతికి రెండు వేళ్లు లెవ్వు."

భూషణ్ సూరత్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. వీరయ్యను అతను ఎన్నడూ చూడలేదు.

అంకుశానికి ఉక్రోషం తన్నుకొచ్చింది. బతికున్నన్నాళ్లూ జట్టు వీరయ్యదే, చచ్చాక కూడా ఆయనదేనా? మర్నాడే అందరినీ కూర్చోబెట్టాడు.

"నా చెయ్యి లేస్తెనే ఆగాలె. ఇంకెవలది లేసినా ఆట ఆగద్దు."

అందరూ తలూపారు. ఆ ఏడాదంతా అతను ఎడమ పక్కకు తల తిప్పకుండానే ఆడించాడు. ఆటగాళ్ల చూపులు మాత్రం అప్పుడప్పుడు అతని భుజం దాటి పక్కకు పోయేవి, అతను చూడనట్టు ఉండేవాడు.

మళ్లీ పైకెక్కడానికి ఒక్క గెలుపు కావాల్సిన రోజు వచ్చింది. ఎడమ భుజం గుంజుతోందని పొద్దున అంటే, ఈ పూటకు పోవద్దని భార్య ఎల్లమ్మ బతిమాలింది. అతను నవ్వేసి వెళ్లాడు. నార్పోలి ఒక గోల్ ముందుంది, ఆట ముగియవచ్చింది.

అప్పుడు జట్టంతా ఆగిపోయింది. బంతి వాళ్ల కాళ్ల మధ్యనుంచి దొర్లుకుంటూ పోతోంది. ఆడండని అంకుశం కుడిచేత్తో సైగ చేశాడు. ఎవరూ కదల్లేదు. ఈసారి ఎవరు పడ్డారోనని మైదానమంతా వెతికాడు. ఎవరూ పడలేదు, అందరూ నిలబడే ఉన్నారు.

తర్వాత వాళ్లు పరుగందుకున్నారు, బంతి వైపు కాదు. అందరికంటే ముందు నిలేష్. వెనక అవతలివాళ్లు గోల్ కొట్టారు, ఒక్కరూ తిరిగి చూడలేదు.

ఎవరికోసమని అంకుశం సైగతో అడగబోయాడు. అందుకు రెండు చేతులూ కావాలి, ఎడమ చెయ్యి లేవలేదు. అయినా నిలేష్‌కు అర్థమైంది. పరుగెత్తుతూనే వేలు చాపి అంకుశాన్నే చూపించాడు.

అంకుశం అప్పుడు ఎడమ పక్కకు తల తిప్పాడు.