రూతు సైగ

కొన్నేళ్లుగా నేనొక సైగను మోస్తున్నాను. రెండు చేతులు గుండెల మీద అడ్డంగా, అరచేతులు భుజాలను గట్టిగా పట్టుకుని. అంతే. ఆ రోజు నీళ్లలో దాన్ని చూసింది నేనొక్కదాన్నే. పైకి వచ్చాక దానికి లేని అర్థం చెప్పిందీ నేనే. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన ముఖానికి చెప్పగలిగితే ఇంతకాలం ఆగేదాన్నా?

రూతు, నేను హన్మకొండలో ఒకే కాలేజీలో చదివాం. నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. ఆమె ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టేది. ఏ పక్షం ఇచ్చినా గెలవడం నాకు అలవాటు. అయినా సత్యం కోసమే వాదిస్తున్నానని నమ్మేదాన్ని. అందరినీ ప్రశ్నించిన నేను ఆ నమ్మకాన్ని మాత్రం ఒక్కసారీ ప్రశ్నించలేదు. డిగ్రీ పూర్తయ్యాక ఇద్దరం స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి అండమాన్ వెళ్లాం.

మా కొలతకు సరిపోయే వెట్‌సూట్, అంటే ఒళ్లంతా కప్పి వేడిని నిలిపే రబ్బరు దుస్తు, ఒక్కటే మిగిలింది. రెండోది పల్చటి ఈత చొక్కా. ఎండను ఆపుతుంది, చలిని ఆపదు. త్వరగా చలి వేసేవాళ్లు సూట్ తీసుకోండి, మీలో మీరు తేల్చుకోండి అని చెప్పి శిక్షకుడు పడవ దగ్గరికి వెళ్లాడు. రూతు బక్కపలచని మనిషి. క్లాసులో ఫ్యాన్ కింద కూర్చోలేక మూలకు జరిగేది. ఇక తేల్చుకోవడానికి ఏముంది?

కానీ ఆ సూట్ నాకు కావాలి. జెల్లీఫిష్ కుడుతుందేమోనని నాకు భయం. ఆ భయాన్ని పైకి చెప్పుకోవడం అంతకంటే భయం.

"నీళ్లు ఇరవై ఎనిమిది డిగ్రీలంట. మన దిక్కు సలికాలం పగటిపూట గంతే ఉంటది. అప్పుడు నువ్వు స్వెటర్ ఏస్కుంటవా?" అన్నాను.

"ఏస్కోను. కని నీళ్లు వేరే గదనే?"

"డిగ్రీ అంటే డిగ్రీనే. గాలికొకటి, నీళ్లకొకటి ఉంటదా?"

"ఏమోనే, నాకు జర భయమైతాంది."

"భయం పాయింట్ గాదు. కారణం జెప్పు."

రూతు నవ్వేసింది. "నీతోని వాదించుడు నాతోని గాదు తల్లీ. నువ్వే ఏస్కో. గెలిచినవ్, పో!"

వరంగల్ ఎండల్లో పెరిగినవాళ్లెవరైనా ఆ లెక్కకు పడిపోతారు. మాకు ఇరవై ఎనిమిదంటే హాయి. రూతు పొరబడింది. నేను పొరబడలేదు. నీరు గాలికంటే ఎంతో వేగంగా ఒంటి వేడిని లాగేస్తుందని, సన్నటి ఒంటికి అది ముందుగా తగులుతుందని, పోయిన వేడి తిరిగి రాకముందే మళ్లీ మునిగితే చలి పేరుకుంటుందని ముందురోజే చదివాను. ఎదుటి పక్షానికి పనికొచ్చే అంశాన్ని మనం అందించకూడదు. వేదికల మీద నేను నేర్చుకున్న పద్ధతి అది. స్నేహితురాలు ఎదుటి పక్షం ఎప్పుడయింది?

మొదటి మునక బాగానే గడిచింది. తర్వాత పడవ మీద వాన, గాలి. రూతు పెదవుల రంగు మారింది. వాదనలో ఓడిన మనిషి కదా, చలేస్తోందని నోరు తెరిచి అనలేదు.

రెండో మునకలో శిక్షకుడు ముందు ఈదుతున్నాడు. నా ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినిపించదు. రూతు నా వైపు తిరిగి ఆ సైగ చేసింది. చలేస్తోందని చెప్పడానికి అలా చేయాలని పొద్దున్నే నేర్పారు. అర్థమైంది. వెంటనే అర్థమైంది. ఆమె ఒక చెయ్యి చాపింది. పట్టుకుంటే ఇద్దరం పైకి పోవాలి. పైకి పోతే నేను ఓడినట్టు. పగడపు దిబ్బను చూస్తున్నట్టు ముఖం తిప్పుకున్నాను.

మళ్లీ చూసేసరికి ఆమె కదలకుండా తేలుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపు చాచిన చెయ్యి అలాగే ఉంది. వేళ్లు మాత్రం ముడుచుకుని ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు.

అప్పుడు వీపు మీది గాలి సిలిండర్‌ను కొట్టి, ఆ చప్పుడుతో శిక్షకుణ్ని పిలిచాను. పడవలో దుప్పట్లు చుట్టాం. రూతు మాట ముద్దముద్దగా వచ్చింది. దవాఖానలో కోలుకుంది. చలి సైగ చేయలేదా అని శిక్షకుడు నన్నడిగాడు. "చేతులు కట్టుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను" అన్నాను. చర్చికి పోయే పిల్ల, అందరూ నమ్మారు. సైగ చేసిన సంగతే గుర్తులేని రూతు కూడా నమ్మింది.

వర్ధన్నపేట దగ్గర వాళ్ల ఊరి చర్చిలో, దేవుడు చేసిన మేలును నలుగురి ముందు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. నా అబద్ధం అక్కడ సాక్ష్యమైంది. రూతు ఏటా చెబుతుంది: సముద్రం అడుగున ప్రార్థన చేస్తే ఎవరో తన చెయ్యి పట్టుకున్నారని. ఆ చెయ్యి వెచ్చగా ఉందని.

పోయిన ఆదివారం నన్నూ పిలిచారు. రేకుల కప్పు కింద అందరూ చెమటలు కక్కుతున్నారు. ముందు వరుసలో రూతు శాలువా కప్పుకుని కూర్చుంది. అండమాన్ నుంచి వచ్చాక ఆమెకు ఎండాకాలం కూడా చలే. వాళ్లమ్మ నా చేతికి మైకు ఇచ్చింది. "కండ్లార సూసినదానివి నువ్వే బిడ్డా. నువ్వు గూడ ఒక మాట జెప్పు."

రూతు నా వైపు చూస్తూ, తనకే తెలియకుండా, రెండు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టి భుజాలు పట్టుకుంది.

"చూశాను" అన్నాను. స్తోత్రం అంటూ హాలంతా మారుమోగింది. ఆ ఒక్క మాటలో అబద్ధమేమీ లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేనెన్నడూ ఆడలేదు.

నిజం చెబితే ఆమె విశ్వాసం కూలుతుందేమో, అందుకే ఊరుకున్నానని ఒక వాదన ఉంది. బలమైన వాదనే. నన్ను కాపాడే వాదన ఏదైనా నాకు బలంగానే కనిపిస్తుందని ఇప్పుడు తెలుసు. కాబట్టి ఇక వాదించను. జరిగింది చెబుతాను, చెప్పేకొద్దీ ఊపిరి కాస్త తేలికవుతోంది.

రూతుకు చలేసింది. నాకు చెప్పింది. చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు.