టీచరమ్మ తిరిగి చదివి వినిపించిన జాబు

మొన్న బ్యాంకులో వరుసలో నిలబడి ఉంటే, అద్దం వెనకాల ఒక అమ్మాయి టైపు కొడతా ఉంది. పది వేళ్ళతో, కింద చూడకుండా. ఇప్పుడు అట్ట కొట్టేవాళ్ళు ఎవురుండారు? అందరూ రెండు వేళ్ళతో కోడి గింజలు పొడిచినట్టు పొడుస్తారు. ఆ పిల్ల చేతికింద రేకుమీద సన్నవాన పడినట్టు శబ్దం వస్తా ఉంటే, నా పేరు పిలిచింది కూడా నాకు వినబడలేదు. వెనకాలామె భుజం తట్టి, "ఏందవ్వా, నిలబడే నిద్రపోతా ఉండావా?" అంది. నిద్ర కాదు. నేను మద్రాసు చూలైలో వసంత టీచరమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చొని ఉండాను.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు, పేపర్లో పడిన మనిషి కాదు. సన్నగా, నిటారుగా ఉండేది. నూలు చీర కట్టేది. కళ్ళద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. వాళ్ళు తాతల కాలంలోనే నెల్లూరు పక్కనుంచి మద్రాసుకు వచ్చి గుమాస్తా ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగువాళ్ళు. ఆమె పెండ్లి చేసుకోలేదు. ఆ వీధిలో ముప్పై ఏండ్లు పిల్లలకు టైపు నేర్పింది. కాగితం మీద ఒక్క తప్పు పడినా రబ్బరుతో చెరపనిచ్చేది కాదు, పేజీ అంతా మళ్ళీ కొట్టించేది. "చెరిపినచోట కాగితం పలచబడుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోతుంది" అనేది. ఏడ్చిన పిల్లలుండారు. పేజీ మాత్రం మళ్ళీ కొట్టాల్సిందే.

నేను ఆకులమ్మేదాన్ని. తొలి బస్సుకు మాధవరం పోయి, పాలకాలనీ అవతల గట్ల వెంబడి నేల ఉసిరి, గుంటగలగర, నల్లేరు, ఏది దొరికితే అది కోసుకొచ్చి చూలైలో గోతాం పరుచుకునేదాన్ని. మా అమ్మా, మా అవ్వా ఇదే పని చేసినారు. నాకు చదువు నా పేరు రాసేవరకే. మా ఇంటాయన లేతు వర్క్‌షాపులో పని చేసేవాడు. నేను ఇప్పుడు చెప్పే సంగతుల నాటికి ఆయన పోయి రెండేండ్లు. ఎట్ట పోయినాడని ఎవురన్నా అడిగితే "జొరం" అనేదాన్ని. ఆ ఒక్క మాటతో అందరూ ఊరుకునేవాళ్ళు.

వీధి మూలమీద నేను కూర్చునే చోటునుంచి పోలీసులు నన్ను లేపేసిన దినం, వేరే చోటు లేక టీచరమ్మ ఇన్‌స్టిట్యూట్ కిందిమెట్టు మీద కూలబడినాను. ఆమె బయటికొచ్చి, "ఎవరిని అడిగి కూర్చున్నావు?" అంది. "నేను అడగలేదమ్మా, నా కాళ్ళే కూర్చున్నాయి" అన్నాను. "కాళ్ళకు చెప్పు, మెట్ల మీద ఒక్క కాడ పడినా ఊరుకోనని" అని లోపలికి పోయింది. అంతే, నాకు చోటు దొరికింది. సాయంకాలం లేచేటప్పుడు ఆ మెట్లు నేను ఊడ్చి కడిగి పోయేదాన్ని.

తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో సరిగ్గా గుర్తు లేదు, టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోయినారు. మిషన్లకు గుడ్డలు కప్పి మూలకు చేర్చి, టీచరమ్మ కంప్యూటర్ ఒకటి తెచ్చి పెట్టింది. "బ్రౌజింగ్ సెంటర్" అని బోర్డు కట్టింది. ఫోను తీగ తగిలిస్తే అది గొంతు పట్టినట్టు కీచుమని, తర్వాత ఊరుకునేది. మధ్యాన్నం జనం రాని వేళ ఆమె దాంట్లో వచ్చే తన జాబులు చూసుకునేది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. నేనిచ్చిన నల్లేరుతో తొక్కు నూరుకొని తిని, కొంచెం మేలనిపించి, ఆ సంగతి ఇంటర్నెట్‌లో ఆకుమందుల గుంపు ఒకటుంటే దాంట్లో రాసిందంట. ఒకరు రాస్తే గుంపులో అందరికీ పోతాదంట, తెలిసినవాళ్ళు బదులు రాస్తారంట. ఎక్కడెక్కడో ఉండే మనవాళ్ళు.

మర్నాడు మెట్ల మీదికొచ్చి, "మునెమ్మా, నల్లేరు కోస్తే చెయ్యి దురద పెట్టకుండా ఏం చేయాలి? డర్బన్‌లో ఒకామె అడుగుతోంది" అంది.

"ఆడికి ఏ బస్సు పోతాదమ్మా?"

"బస్సు పోదు. సముద్రం దాటాలి."

"దురద పెట్టిందని సముద్రం దాటి అడిగిందా? పాపం, చేతికి నూనె రాసుకొమ్మని చెప్పండి."

అది మొదలు. రోజూ మధ్యాన్నం నన్ను లోపలికి పిలిచి, పిల్లలు కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టేది. జాబులు తెలుగులో చదివేది, నేను చెప్పింది ఇంగ్లీషులోకి తిప్పి కొట్టేది. కొట్టినాక ఊరికే పంపేది కాదు. మళ్ళీ తెలుగులో నాకు చదివి వినిపించేది, రేషన్ లిస్టు చదివినట్టు, గొంతులో ఏ ఎత్తుపల్లాలూ లేకుండా. "నీ మాటే కదా, సరిగ్గా ఉందా చూసుకో" అనేది. గుప్పెడు ఆకు అని చెప్పినానంటే "ఎవరి గుప్పెడు?" అని, ఒకసారి నా గుప్పెడు ఆకును పట్టుకుపోయి మూలమీద పచారీ అంగడి త్రాసులో వేసి చూసొచ్చింది. అంగడాయన నెల దినాలు నన్ను చూసినప్పుడల్లా "ఏమ్మే, ఈ పొద్దు చెయ్యి తూచాల్నా?" అని ఎగతాళి చేసినాడు.

నాకు కోపమొచ్చేది ఇంకో మాటకు. నేనేదన్నా గట్టిగా చెప్తే, "నీకు తెలుసా, లేక అంటున్నావా?" అనేది. "అంటా ఉండాను" అంటే "అయితే తెలియదు అని కొట్టనా?" అనేది. ఒక దినం పట్టలేక, "తెలవదని చెప్పేదానికి ఈడ నేనెందుకమ్మా?" అన్నాను. ఆమె తల ఎత్తకుండా, "తెలిసింది చెప్పేదానికి. తెలియనిది చెప్తేనే కదా, తెలిసిందాన్ని నమ్ముతారు" అంది.

ఆ గుంపులో నాకు మనుషులు దొరికినారు. డర్బన్ ఆమె వాళ్ళవ్వ నేర్పిన కషాయాలు రాసేది. జంషెడ్‌పూర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసే మాలతి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది, నన్ను పెద్దమ్మా అనేది. దగ్గు అని మొదలుపెట్టి, వాళ్ళ అత్తగారి నోటి దురుసుదాకా అంతా రాసేది. తల్లి పోయిన పిల్ల. నేను కూడా ఏమేమో చెప్పేదాన్ని. ఆ యేడు వానలకు మా ఇంట్లో మోకాటిలోతు నీళ్ళొచ్చి వారం దినాలు నేను చూలైకి రాలేదు. వచ్చిన పొద్దు టీచరమ్మ స్టూలు చూపించి, పదకొండు జాబులు చదివింది. అన్నింట్లో ఒకటే మాట, మునెమ్మ ఎక్కడ, బాగుందా. ఆయన పోయినాక నేను అన్నం తిన్నానా అని అడిగినవాళ్ళు లేరు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఏం కొట్టను?" అంది టీచరమ్మ. "ఉండానని కొట్టండి" అన్నాను.

వానలు తగ్గినాక మాలతి రాసింది, మొగుడికి కామెర్లు, కండ్లు పచ్చబడినాయని. నేల ఉసిరి సమూలంగా నూరి మజ్జిగలో ఇయ్యమన్నాను, ఉప్పు తగ్గించమన్నాను. డాక్టరుకు చూపించమని చెప్పలేదు. గుంపంతా అదే సరి అంది. రెండు వారాలు దాటినాక ఇంకో జాబు వచ్చింది. టీచరమ్మ చదివింది. పసుపు తగ్గలేదు పెద్దమ్మా, పగలంతా నిద్రపోతున్నారు, మాట అటూ ఇటూ పోతోంది, నిన్న ఆఫీసుకు పోతానని లేచి చొక్కా గుండీలు ఎట్ట పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు, నీరసం అంటున్నారు మా అత్తగారు, మందు ఇంకా ఎన్ని రోజులు ఇవ్వాలి అని. దానికింద గుంపువాళ్ళ బదుళ్ళు వచ్చి ఉండాయి. ఆకు నిదానంగానే పనిచేస్తుంది, మండలం నలభై దినాలూ పూర్తి చెయ్యి, మునెమ్మ చెప్పిన మందు కదా అని.

అలవాటుపడిన నోరు కదా, అదే చెప్పింది. "కొట్టండమ్మా. భయపడొద్దు, ఇంకో మూడు దినాలు చూడమనండి."

ఆమె కొట్టింది. కొట్టి, ఎప్పటిమాదిరే చదివింది. "భయపడొద్దు. ఇంకో మూడు దినాలు చూడు."

ఆ మాట నేను అంతకు ముందే విన్నాను. మా మరిది ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టి, అన్నను ఆస్పత్రికి తీసుకుపోదాం వదినా అంటే, నేను చెప్పిన మాట అది. ఆ పొద్దు మా ఆయన కూడా గుండీలకాడ అట్టే నిలబడిపోయినాడు. నేను నవ్వి, చిన్నపిల్లోనికి పెట్టినట్టు గుండీలు పెట్టి, మజ్జిగలో ఆకు కలిపి తాగించినాను. ఊరంతటికీ ఆకిచ్చేదాన్ని, నా మొగుణ్ణి ఆస్పత్రికి పంపితే నా ఆకు ఎవురు కొంటారనుకున్నాను. మూడో దినం ఆయన చూడలేదు.

"అది పంపొద్దు టీచరమ్మా."

"ఏం మార్చాలి?"

"అంతా. ఇప్పుడే, ఈ నిమిషమే పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని కొట్టండి. ఆకు ఆపెయ్యమనండి."

ఆమె కొట్టి ఆగింది. "ఎందుకని అడుగుతుంది. వాళ్ళత్తగారు అడుగుతుంది. ఇంతమంది తాగించమన్నాక, నువ్వొక్కదానివి వద్దంటే ఎందుకు వినాలి?"

చెప్పకపోతే వినరు. చెప్తే ఆకుల మునెమ్మ చేతిలో ఆమె మొగుడే పోయినాడని అందరికీ తెలిసిపోతాది. చివరికి, "మా ఇంటాయన జొరంతో పోలేదమ్మా" అన్నాను. ఆమె వేళ్ళు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలినాయి. నా వైపు తిరగలేదు. తిరిగుంటే నేను చెప్పలేకపోయేదాన్ని. కామెర్లు, గుండీలు, ఆటో, మజ్జిగ, అంతా చెప్పినాను.

"మా ఇంటాయన అంటే అక్కడ ఎవరికి తెలుసు? పేరు చెప్పు" అంది.

"మొగుడి పేరు నేనెట్ట చెప్పేదమ్మా?"

"పేరు లేకపోతే కట్టుకథ అనుకుంటారు మునెమ్మా."

ఇరవై రెండేండ్లు కాపురం చేసి, ఆయన్ని నేను ఒక్కనాడూ పేరుపెట్టి అనలేదు. రేషన్ కార్డుకు పేరడిగితే పక్కనోళ్ళ చేత చెప్పించేదాన్ని. "గోవిందసామి" అన్నాను. నా చెవులకు వేరే ఎవరో చెప్పినట్టు వినబడింది.

అంతా మళ్ళీ చదివి వినిపించింది, ఒక్క మాట మెత్తన చేయకుండా. "మాలతి ఒక్కతికే పంపనా, అందరికీనా?" అంది. "అందరికీ పంపండి. తాగించమన్నది అందరూ కదా" అన్నాను. పంపి, కంప్యూటర్ నుంచి ఫోను తీగ ఊడదీసి, మాలతి జాబు కింద ఉన్న కాలేజీ నంబరుకు ఫోను చేసింది. ఆడ ఎవురో గుమాస్తా ఎత్తినాడు. మాలతిని వెంటనే ఆ జాబు చూడమనండి అని ఇంగ్లీషులో మూడు తూర్లు చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకొని పెట్టేసింది.

ఎనిమిది దినాలు మాలతి నుంచి ఏమీ లేదు. ఇతరుల జాబులు వచ్చినాయి. ఒకాయన, వీధిలో కూర్చునే చదువు లేని ఆడది మొగుణ్ణి చంపుకొని, మంచి ఆకుకు చెడ్డపేరు తెస్తోందని రాసినాడు. "ఇది కూడా నాకు చదవాల్నా?" అన్నాను. "నీకొచ్చిన జాబు. కోసి చదివేదానికి నేనెవరు?" అంది. చదివేసి, "అంతా అబద్ధమేనా?" అని అడిగింది. "సగం" అన్నాను. "మిగతా సగానికి బదులు చెప్పు మరి." చెప్పినాను. తప్పు నాది, ఆకుది కాదు, ఆకు మోయలేని బరువు ఆకుమీద పెట్టినాను అని. మర్నాడు డర్బన్ ఆమె రాసింది, వాళ్ళ చెల్లెలు కూడా ఇట్టే పోయిందని, ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదని. ఆమె వెనకాల ఇంకా ఇద్దరు రాసినారు. నయమైనవాళ్ళ గురించే రాసుకున్న గుంపులో పోయినవాళ్ళ పేర్లు వచ్చినాయి. ఒకరికొకరు రాసుకున్న ఓదార్పులు టీచరమ్మ సాయంకాలం దాకా చదివింది.

తొమ్మిదో దినం మాలతి జాబు. మేము జాబు పంపిన పొద్దే ఆస్పత్రిలో చేర్చిందంట. ఇంకో దినం ఆగుంటే చేతికి దక్కేవాడు కాదన్నాడంట డాక్టరు. ఇప్పుడు మాట తిన్నగా వస్తోంది పెద్దమ్మా, ఈ పొద్దు చప్పిడికూడు పెడుతున్నారని నాతో పోట్లాడారు అని రాసింది. టీచరమ్మ రేషన్ లిస్టు గొంతుతోనే చదువుకుంటా వచ్చి, పోట్లాడారు అనే కాడ ఆగిపోయింది. అద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "మళ్ళీ చదవండమ్మా" అన్నాను. చదివింది. ఆ దినం ఆమె తాగే కాఫీలో సగం నాకు పోసి, నా పక్కన పిల్లల స్టూలు మీదే కూర్చొని తాగింది.

టీచరమ్మ పోయి చాన్నాళ్ళయ్యింది. చివరి దినాల్లో కండ్లు మసకబారి కొట్టడం మానేసింది, ఆ గుంపు కూడా అట్టే నాకు దూరమైపోయింది. మాలతిని నేను ఎప్పుడూ చూడలేదు. నడుము ఒప్పుకున్న దినాల్లో ఇప్పటికీ ఆకులమ్ముతాను. తెలవనిది తెలవదంటాను. దానికి కొందరు వేరే అంగడికి పోతారు, పోనీ.

పోయిన వారం ఒకతను తమ్ముడికి కామెర్లని నేల ఉసిరి అడిగినాడు. కట్ట చేతిలోకి తీసుకొని, ఎన్ని దినాలైంది, పగలు నిద్రపోతా ఉండాడా, మాట తడబడతా ఉందా అని అడిగినాను. "ఆకు అడిగితే ఇంత ఆరా ఏందవ్వా, ఉంటే ఇయ్యి" అన్నాడు. నిద్రపోతా ఉండాడా చెప్పు అన్నాను. పోతా ఉండాడన్నాడు. "నా మొగుడి పేరు గోవిందసామి" అని మొదలుపెట్టినాను. పక్కన పూలు కట్టే ఆమె ఇది వందసార్లు విని ఉంది, తల అటు తిప్పుకుంది. అతను మొదట గడియారం చూసుకున్నాడు, తర్వాత చూడలేదు. అయిపోయినాక "సరి అవ్వా" అని మాత్రం అని, ఆటోల స్టాండు వైపు గబగబా నడిచినాడు. నేల ఉసిరి కట్ట నా చేతిలోనే ఉండిపోయింది.