పెరిగిన భత్యం వద్దన్నవాడు

జీతం పెంచమని అడిగినవాళ్లను ఈ దేశంలో చాలామందిని చూశాను. పెరిగింది వద్దన్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. చూసిన మరుక్షణమే అనుమానించాను.

సౌదీలోని రాబిగ్‌లో నేను మెయింటెనెన్స్ ఇంజనీరుని. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడిన పాపానికి మా కంపెనీ జట్టు బాధ్యత నా నెత్తిన పడింది. ఇక్కడి కాంట్రాక్టు కంపెనీల మధ్య ఏటా పోటీలు జరుగుతాయి. ఎక్కడ పనిచేసేవాడైనా ఏ జట్టుకైనా ఆడొచ్చు. దాంతో పెద్ద కంపెనీలు డబ్బు చూపించి మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోతున్నాయని నిర్వాహకులు ఒక రూలు పెట్టారు. ప్రతి ఆటగాడికీ ఒక గ్రేడు, గ్రేడును బట్టి భత్యం. జట్టు మొత్తం భత్యం ఒక హద్దు దాటకూడదు. చాటుగా డబ్బు చేతులు మారినట్టు తేలితే జట్టునే పోటీల్లోంచి తీసేస్తారు.

గెలిచిన జట్టులో అందరి గ్రేడూ పెరుగుతుంది. ఆ ఏడు మేమే గెలిచాం. హద్దు దాటిపోయాం కాబట్టి ఒకణ్ణి వదులుకోవాలి. గెలిచినవాడికి వాత పెట్టే ఈ న్యాయం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎవర్ని వదలాలా అని లెక్కలు వేస్తే చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనివాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, బాస్కెట్ కింద నిలబడితే గోడే. రెండోవాడు ఫిలిప్పీన్స్ వెల్డరు, పొట్టివాడు, బంతి నడిపించి అందరికీ అందించేవాడు. ఆట నేర్పొచ్చు, పొడుగు నేర్పలేం కదా. వెల్డర్నే తీసేద్దామనుకున్నాను.

పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు అయ్యాక, ప్రాక్టీసుకు ముందు, పొడుగువాడు నా దగ్గరికొచ్చాడు.

"సార్, నాకు గ్రేడు పెంచకుండ్రి. పాతదే రాయుండ్రి, సంతకం పెడ్త. గప్పుడు ఇద్దరం ఉంటం గదా."

రూలు దానికి ఒప్పుకుంటుంది. నేనే ఒప్పుకోలేకపోయాను.

"ఎందుకయ్యా?"

"ఊకెనే సార్," అని నేల చూపులు చూశాడు.

పొద్దస్తమానం ఎండలో పైపుల మీద వేలాడేవాడు వచ్చే డబ్బు ఊరికే వద్దంటాడా? వెల్డరు తన భత్యంలో వాటా ఇస్తానని ఉంటాడనుకున్నాను. అది బయటపడితే అందరం ఇంటికే. ఆ రోజు నుంచి ఇద్దరి మీదా కన్నేశాను. పొడుగువాడికి ఇంగ్లీషు రాదు, వెల్డరుకు హిందీ రాదు. మరి ప్రాక్టీసు అయ్యాక కిరాణా బకాలా ముందు అంతసేపు ఏం మాట్లాడుకుంటారు? మూడో రోజు దొరికిపోయారు. వెల్డరు ఏదో మడతపెట్టి ఇతని చేతిలో పెట్టాడు. ఇతను నన్ను చూసి గబుక్కున జేబులో దాచాడు. గుమ్మడికాయల దొంగ అని నేను అనకముందే భుజాలు తడుముకున్నాడు.

మర్నాడే వెల్డరు పేరు కొట్టేశాను. అతను నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి మరీ వెళ్లాడు. అదీ అనుమానంగానే తోచింది. వారం తిరక్కుండా వేరే కంపెనీ అతణ్ణి తీసుకుంది.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌లో మా గోడ బాస్కెట్ కింద చేతులు పైకెత్తి నిలబడింది. బంతులు మోకాళ్ల దగ్గరికొచ్చాయి, వీపు వెనక పడ్డాయి. అతను అటు తిరగాల్సినప్పుడు ఇటు తిరిగాడు. చిత్తుగా ఓడిపోయాం. అవతలివాళ్లకు అమ్ముడుపోయాడనిపించి ఒళ్లు మండింది.

అందరూ వెళ్లాక అడిగేశాను. "ఎంత తీసుకున్నావ్?"

అతను కోప్పడలేదు. సంచిలోంచి మడతలు పడ్డ కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ప్రతి కాగితం మీదా సున్నాలు, బాణాలు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తిరగాలి, బంతి ఏ వైపు నుంచి వస్తుంది. అన్నీ వెల్డరు పెన్సిలుతో గీసినవే.

"గివే తీస్కున్న సార్. నాకు ఆట రాదు. ఆయన గీసిస్తే నేను పోయి నిలబడ్త, ఆయననే బాల్ తెచ్చి నా చేతుల పెడ్తడు. ఆయన లేకుంటే నేను ఒట్టి పొడుగోణ్ణి."

"అప్పుడే ఈ మాట చెప్పొచ్చు కదా?" అన్నాను.

"చెప్తే నన్ను తీసేస్తరనుకున్న సార్."

అలా ఎందుకు చేస్తానని అనబోయి ఆగిపోయాను. చెప్పి ఉంటే నిజంగానే తీసేసేవాణ్ణి.