మబ్బులో దాచిన నీళ్ళు

"నా నూట నలభై రూపాయలు యాడ పెట్టినావు మే?"

ఈ మే నెలలో, కార్డు ఆనిస్తే నీళ్ళు పోయాల్సిన మిషను ముందు ఖాళీ క్యానుతో నిలబడి, శేషమ్మ అడిగిన మాట ఇది. శేషమ్మ డెబ్భై దాటిన మనిషి, ఒంటరిది. అడిగింది మహేశ్వరిని. కొమరోలులో నీళ్ళ ప్లాంటు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో నాలుగు నీళ్ళ మిషన్లు ఆమెవి.

"క్లౌడ్‌లో ఉండాయి పెద్దమ్మా."

"అంటే యాడ?"

"మబ్బు అంటారులే."

"మూడేండ్ల నుంచి మబ్బు మొగమే చూడకపోతిమి. దాని చేతికి నా దుడ్లు ఎందుకిచ్చినావు?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వినారు. మహేశ్వరి కూడా నవ్వింది. లైను కలవలేదేమో, సాయంత్రానికి వస్తుందిలే అనుకుంది. నీళ్ళు పోయడం మానేసిన మిషను ఆ ఒక్కటే కాదని గంట తర్వాత తెలిసింది. ప్లాంటు దగ్గరిదీ కలిపి అయిదు చోట్లా నిలిచిపోయినాయి.

మహేశ్వరి తండ్రి ఓబులయ్య గొర్రెలు కాసినవాడు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ యాభై ఏళ్ళకే ఆయన నడుము వంచేసింది. చివరి రోజుల్లో కూతురి ముఖం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవలసి వచ్చేది. ఆయన పోయినాక మహేశ్వరి ముప్పై రెండు గొర్రెలు అమ్మి, బ్యాంకు అప్పు కలిపి ప్లాంటు పెట్టింది. నీళ్ళు అమ్ముకోవడం పాపమని ఊళ్ళో పెద్దమనుషులు హితబోధ చేసినారు. ఆ పెద్దమనుషులే ఇంట్లో పెళ్ళికి వంద క్యాన్లు తీసుకొని, క్యానుకు రూపాయి తగ్గించమని బేరమాడినారు. పుణ్యం కబుర్లు చెప్పేవాళ్ళ దాహం కూడా దాహమే కదా, ఆమె తగ్గించింది.

ఒక్క ప్లాంటు ఉన్నంతకాలం నోటుబుక్కు చాలింది. అమ్మే ఊళ్ళు పెరిగేకొద్దీ చాలలేదు. భర్త కాటమరాజు ట్యాంకరు ఆటోలో నీళ్ళు తోలిపెడితే, ఊరికొకరిని జీతానికి పెట్టి అమ్మించింది. వాళ్ళలో ఒకడు నలభై క్యాన్లు అమ్మి ఇరవై అయిదు అని రాసేవాడు. అడిగితే, "ఎండకు ఆవిరైపోయినాయేమో అక్కా" అన్నాడు.

అప్పుడు వచ్చినాడు క్రాంతి కుమార్, ఒంగోలులో ఒక ఏజెన్సీ తరఫున. మనిషితో పనిలేని మిషన్లు. జనం ముందుగా డబ్బు కట్టి కార్డులో వేయించుకుంటారు, కార్డు ఆనిస్తే ఇరవై లీటర్లకు అయిదు రూపాయలు తెగుతుంది. ఎవరి కార్డులో ఎంతుందో, ఏ ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో అన్నీ ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో నమోదవుతాయి. మహేశ్వరి ఇంట్లో కూర్చొని ఫోన్లో చూసుకోవచ్చు. ఏడాదికి ముప్పై ఆరు వేలు చందా.

"నువ్వు తిరుపతిలో ఉన్నా నీ అయిదు ట్యాంకులూ నీ చేతిలోనే ఉంటాయి అక్కా," అన్నాడు. అబద్ధం కాదు. రెండేళ్ళు అట్లనే నడిచింది. దొంగలెక్కలు పోయినాయి, అర్ధరాత్రి బిడ్డకు పాలు కలపాలన్నా నీళ్ళు దొరికినాయి. పాత కాలమే మేలనే వాళ్ళు ఆ రెండేళ్ళు కొమరోలులో నీళ్ళు పట్టుకొని ఉంటే ఆ మాట అనరు.

తప్పు జరిగింది మొదటి రోజే, అర నిమిషంలో.

"అక్కా, నీకు మెయిలుందా?"

"ఉండాది గానీ నేను చూడను."

"అయితే నాదే పెడతాలే. ఫోను నంబరు కూడా నాదే ఇస్తా, ఓటీపీలు గీటీపీలు నీకెందుకు తలనొప్పి."

మహేశ్వరి టీ ఇచ్చి పంపింది. రెండేళ్ళ చందా ఆయన చేతికే కట్టింది. మూడో ఏడు రాకముందే క్రాంతి కుమార్ ఏజెన్సీ మానేసినాడు. గడువు దగ్గరపడుతోందని కంపెనీ పంపిన హెచ్చరికలు, ఆయన మానేసినాక మూతబడిన ఆ ఏజెన్సీ మెయిలుకే పోయినాయి. గడువు దాటింది. చందా లేకపోతే వాల్వు తెరుచుకోదు. మిషను చేయాల్సిన పని మిషను చేసింది.

మహేశ్వరి కంపెనీకి ఫోన్ చేసి, ముప్పై ఆరు వేలూ ఇప్పుడే కడతానంది.

"ఖాతా మీ పేరున లేదు మేడం. మీరు మా కస్టమర్ కాదు."

"నీళ్ళు నావి, ట్యాంకులు నావి, నేను కాకపోతే ఇంకెవరు?"

"ఖాతాలో ఉన్న నంబరుకు ఓటీపీ వస్తుంది మేడం. అది చెప్తే చాలు."

క్రాంతి కుమార్ గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడని తెలిసి బస్సెక్కి పోయింది. ఆయన నిజంగానే బాధపడినాడు. ఆ సిమ్ము ఏజెన్సీది, తిరిగి ఇచ్చేసినాడు. ఏజెన్సీ వాడకపోతే ఆ నంబరు ఇంకెవరికో పోయింది. దుకాణంలోనే నిలబడి ఇద్దరూ ఆ నంబరుకు చేసినారు. ఎవరో ఆడమనిషి ఎత్తింది, కోస్తా యాస.

"అమ్మా, మీకిప్పుడు ఒక ఓటీపీ వస్తాది. ఆ ఆరంకెలు చెప్తే చాలు తల్లీ, మా నీళ్ళు ఆగిపోయినాయి," అంది మహేశ్వరి.

"ఇదో కొత్త రకమా? నిన్న కరెంటు బిల్లన్నారు, ఇవాళ నీళ్ళా? మా తమ్ముడు పోలీసు. ఆడికే చెప్తానుండు అంకెలు."

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు ఊరూరా చెప్పింది ఆమె విన్నది, అంతే.

మర్నాడు కాటమరాజు పానా తీసుకొని అయిదు చోట్లా వాల్వులు ఊడదీసినాడు. నీళ్ళు వచ్చినాయి. లెక్క మాత్రం రాలేదు. నాలుగు వందల పన్నెండు కార్డులు ఆమె ఇచ్చినవి. వాటిలో ఎవరిది ఎంత మిగిలి ఉందో చెప్పే కాగితం ముక్క ఇంట్లో లేదు. ఫోన్లో అంతా ఉంటే నోటుబుక్కు ఎందుకని రెండేళ్ళ కిందటే మానేసింది.

"పాత కార్డులు చెల్లవని బోర్డు రాసి పెడదాం. తప్పు కంపెనీది," అన్నాడు కాటమరాజు.

"వాళ్ళు దుడ్లిచ్చింది కంపెనీకా, నాకా?"

"నీకే. అయితే అమ్ముకో ఇంక, ఇల్లు కూడా."

మహేశ్వరి కొత్త నోటుబుక్కు కొని ఊరూరా కూర్చుంది. ఎవరు ఎంతంటే అంత రాసుకుంది. బీదవాళ్ళు అబద్ధమాడరని పుస్తకాల్లో రాస్తారు. ఇక్కడ ఆడినారు. ఒక కార్డులో మూడు వందలకు మించి వేయడం కుదరదు, ఒకాయన అయిదు వందలన్నాడు. ఆమె ఆయన ముఖం చూసి మూడు వందలు రాసింది. శేషమ్మ మాత్రం ముందు చెప్పిన నూట నలభై మీదే నిలబడింది. మొత్తం యాభై ఏడు వేల ఆరు వందల ఎనభై తేలింది. అంత ఒక్కసారి ఇచ్చే శక్తి లేదు కాబట్టి, కార్డుకు వారానికి ఒక క్యాను బాకీ కింద పోస్తానని చెప్పింది.

అదే ఆమెను ముంచింది. జూలైలో కొమరోలు బస్టాండు దగ్గర ఇంకో ప్లాంటు వెలిసింది, ఊరూరా కొత్త మిషన్లు, క్యాను నాలుగు రూపాయలు. చేతిలో చిల్లర ఉన్నప్పుడు జనం అక్కడికి పోయినారు, బాకీ క్యానుకు మాత్రం తప్పకుండా మహేశ్వరి దగ్గరికి వచ్చినారు. సెప్టెంబరుకు మూడు ఊళ్ళు మూసేసింది. మిషన్లు పాత ఇనుము కింద పోయినాయి. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకుందని సామెత చెప్పనివాడు ఊళ్ళో లేడు. ఆ సామెత చెప్పినవాళ్ళ ఫోన్లు కూడా ఎవరో ఒకరి మెయిలు మీదే తెరుచుకుంటున్నాయి. వాళ్ళకు ఆ పని చేసిపెట్టింది గిద్దలూరులో క్రాంతి కుమారే.

ఇప్పుడు ప్లాంటు, ఒక ఊరు మిగిలినాయి. బ్యాంకువాళ్ళు రెండుసార్లు వచ్చిపోయినారు. మహేశ్వరి ప్రతి క్యానుకూ నోటుబుక్కులో ఒక గీత గీస్తుంది. శేషమ్మ పేరు కింద ఇరవై ఒక్క గీతలున్నాయి.

శేషమ్మ మొన్న కార్తీకంలో పోయింది. ఆమెకు ఇంకా ముప్పై అయిదు రూపాయలు ఇవ్వాల్సి ఉంది.