మైపాడు బస్సులో అడిగిన జీతం

మైపాడు నుంచి నెల్లూరు పోయే బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఆధార్ జిరాక్సుల కవరు. "ఏం చదివినావబ్బయా?" అంది.

పొలిటికల్ సైన్సులో ఎమ్మే అన్నాను. దేశాన్ని నడపడం తెలుసుగానీ టిక్కెట్టుకు చిల్లర లేదని కలిపాను. ఈ జోకుకి అందరూ నవ్వుతారు. ఆమె నవ్వలేదు.

"నా కూతురూ అదే చదవతానంటుండాది. ప్రైవేటు కాలేజీలో సీటు. లోనుకి సంతకం పెట్టేదానికి బ్యాంకుకే పోతుండా. నీ జీతమెంత?"

"పద్నాలుగు వేలక్కా. అందులో చదువు లోను కంతు ఎనిమిది వేలు."

ఆమె మండిపడింది. "మా ఆయన వలల కోసం షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా పడిన చేపంతా ఆ షావుకారుకే, ఆయన చెప్పిన రేటుకే. బిడ్డనీ అట్టే కట్టెయ్యాల్నా? కాలేజీవోళ్లు ఇంటికొచ్చి కలెక్టరైపోతాదన్నారే, ఈ లెక్క చెప్పలేదే!"

"మాకూ అదే చెప్పినారక్కా. మా క్లాసంతా పట్టాలంటే ఆ కలెక్టరు కుర్చీ ఎంత పెద్దదిగా ఉండాలో!"

"నవ్వులాటగా ఉందా నీకు? చదువు మంచిదా, కాదా?"

అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు, లోను ఇచ్చినవాళ్లతో సహా. నాకూ కడుపు మండింది.

"చదువు మంచిదేనక్కా. అప్పే చెడ్డది. సర్కారు కాలేజీలోనూ ఇవే పాఠాలు, ఫీజు తక్కువ."

"ఆ ముక్క మొదట చెప్పడానికేం రోగం?"

బ్యాంకు స్టాపు వచ్చినా ఆమె లేవలేదు. సర్కారు కాలేజీ దగ్గర దిగింది.

ఇప్పుడు ఏం చదివావని ఎవరడిగినా ముందు జీతం చెబుతున్నాను.