పేర్లు చదివే ఇల్లు

నన్ను కోరుట్లకు పంపింది దేవుడేనని పదేళ్లు సాక్ష్యం చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజు నేను చెయ్యెత్తింది మజ్జిగ కోసం. క్రైస్తవ మిషను తర్ఫీదు ముగిసిన రోజు, వరుసగా కూర్చుని భోజనాలు చేస్తున్నాం. ఒక పెద్దాయన లేచి, "కోరుట్ల దిక్కు సేవకు ఎవరు పోతారు?" అని అడిగాడు. ఆ దిక్కున అన్నలు, అంటే నక్సలైట్లు, పోలీసులు తప్ప మూడోవాడికి చోటు లేదని అప్పట్లో పేరు. అందరూ తలలు వంచి అన్నంలోకి చూస్తున్నారు. నేనొక్కణ్ణే బకెట్టు వైపు చూస్తూ చెయ్యెత్తాను. చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. మజ్జిగ మాత్రం రాలేదు.

ఏడో తరగతిలో బడి వదిలేసి, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసినవాణ్ణి నేను. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. నా భార్య పదో తరగతి పాసైంది. "మూడు తరగతుల తేడా మన ఇంట్ల ఎన్నటికి తగ్గది" అని ఆమె నెలకోసారి గుర్తుచేసేది. ఆమెనూ, ఐదేళ్ల బిడ్డనూ వెంటబెట్టుకుని కోరుట్లలో ఒక ముస్లిం ముసలామె ఇంటి ముందుభాగం అద్దెకు తీసుకున్నాను. ఆమెను అందరూ ఖాలా అనేవాళ్లు, మేమూ అదే అన్నాం. వెనక ఆమె, ముందు మేము. మా ముందుగది ఆదివారం పూట సంఘం; మిగతా ఆరు రోజులు పడకగది, వంటిల్లు, బిడ్డ ఆటలాడుకునే మైదానం. ఆ గదికి ఒక్కటే కిటికీ. కిటికీ కింద సందులో చేతిపంపు, అదే బోరింగు.

సైకిలు మీద ఊళ్లు తిరగడం నా పని. సంచిలో సువార్త పుస్తకాలు, కరపత్రాలు. ఆ రోజుల్లో సంచి తగిలించుకుని ఊరూరా తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా రెండే ఆలోచనలు వచ్చేవి, రెండూ మంచివి కావు. ఒకరోజు ఠాణాకు పిలిచారు.

"నిన్నెవడు పంపిండు?" అన్నాడు ఎస్సై.

"ప్రభువు, సార్."

"ఏ ఊరాయన?"

నెల తిరక్కముందే కోనరావుపేట దారిలో ఇద్దరు పడుచువాళ్లు చెట్ల చాటు నుంచి వచ్చి సైకిలు ఆపారు. ఎవరు పంపారని అడిగారు. నేను అదే జవాబు చెప్పాను. వాళ్లూ ఏ ఊరాయనని అడిగారు. "రెండు దిక్కులోళ్లు ఒక్క బళ్లెనే సదువుకున్నట్టుండ్రు" అని ఇంటికొచ్చి చెబితే నా భార్య నవ్వలేదు. "మనం గూడ ఎవ్వల్ని నమ్మద్దు" అంది. అప్పటి నుంచి మాకూ ఆ జబ్బు పట్టుకుంది. పాలవాడు రెండుసార్లు మా గడప వైపు చూస్తే మూడోరోజు పాలు మరొకరి దగ్గర పోయించుకునేవాళ్లం.

ప్రార్థన పుస్తకం సంగతి ఇక్కడే చెప్పాలి. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో ఒక్కొక్కరు తమ మనవులు చెప్పుకుంటారు. నా భార్య పొడుగు నోటుబుక్కులో రాస్తుంది. మిగతా రోజులు తెల్లవారుజామున ఐదింటికి ఆమె, నేను మోకరించి, పేరు పేరునా పైకి చదివి ప్రార్థిస్తాం. పేరు పెట్టి అడగనిది అడిగినట్టే కాదని మా నమ్మకం. ఒకాయన మోకాలు నొప్పి, ఒకామె బర్రె ఈనడం, ఒకరికి దుబాయి నుంచి ఉత్తరం రావడం, ఇలాంటివే ఎక్కువ.

ఒక ఆదివారం బీడీలు చుట్టే ఒకామె అందరూ వెళ్లేదాకా కూర్చుంది. ఆమె కొడుకు జగిత్యాలలో డిగ్రీ చదివేవాడు. కొన్నాళ్లుగా కనిపించకపోతే, భివండీలో సాంచాల పనికి పోయాడని వాడకట్టులో చెప్పుకుంది.

"అమ్మగారు, భివండి పోలే వాడు. అన్నలల్ల కలిసిండు" అంది నా భార్యతో. "పాణంతోని ఇంటికి రావాలెనని రాయుండ్రి. రాసింది ఎవ్వలకు సూపెట్టద్దు. పోలీసోళ్లకు ఎర్కైతే మా ఇంటాయన్ను గుంజుకపోతరు. అన్నలకు ఎర్కైతే, కొడుకును ఎన్కకు రమ్మని మొక్కుతున్నదని గదొక లొల్లి."

నా భార్య కొడుకు పేరు రాసి, పక్కన "క్షేమంగా ఇంటికి" అని రాసింది. ఆ ఒక్క వరుసతో ఒక ఇల్లు మా చేతుల్లోకి వచ్చింది. పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాం. అన్నంలో ఒకటి రెండుసార్లు కాగితం ముక్కలు వచ్చాయి కూడా.

ఏడాది గడిచింది. అప్పుడొచ్చాడు కొత్త మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. మా సందు చివర గది తీసుకున్నానని, మెట్‌పల్లిలో పసుపు బస్తాలు మోస్తానని చెప్పాడు. ఆదివారం వచ్చి తలుపు పక్కనే కూర్చునేవాడు; ఆరాధన తరువాతి భోజనాల్లో తన పళ్లెం తనే కడిగేవాడు. పాటకు నోరు విప్పడు. అందరూ ఆమెన్ అన్నాక, ఒక్క క్షణం ఆగి, పై అధికారికి జవాబిచ్చినట్టు అంటాడు. మూడో ఆదివారం అతని చేతులు గమనించాను. పసుపు బస్తాలు మోసే మనిషి గోళ్లలో పసుపు లేదు. ఎంత కడిగినా వారం దాకా వదలని పసుపు!

నాలుగో ఆదివారం నా భార్య దగ్గరికి వచ్చి, "అమ్మగారు, గా బుక్కు ఒక్కపారి ఇస్తరా? ఎవలెవల పేర్లున్నయో సూసి ఇస్త" అన్నాడు.

"అది ఇయ్యరాదన్నా" అంది ఆమె. మరుక్షణం పుస్తకం బియ్యంలోకి దిగింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో విచారణ జరిగింది.

"మఫ్టీ పోలీసు" అన్నాను. "ఎంటికలు సూసినవా, ఎంత పొట్టిగ కత్తిరిచ్చిండో?"

"పోలీసైతే తిన్న పళ్లెం తనే కడుగుతడా? ముమ్మాటికి అన్ననే" అంది ఆమె.

"అన్నలైతే ఆమెన్ అంటరా?"

"పోలీసోళ్లయితే అంటరా?"

బిడ్డ పక్కనే బొమ్మకు అన్నం పెడుతోంది. పట్టించుకోలేదనుకున్నాం. తరువాతి ఆదివారం భోజనాల దగ్గర నేరుగా అతని ముందుకెళ్లి నిలబడింది. "మామా, మా నాయిన నిన్ను పోలీసు అంటుండు. మా అమ్మ అన్న అంటుంది. ఎవలు గెలిచిండ్రు?"

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. బిడ్డ వంక చూశాడు, నా వంక చూశాడు. పళ్లెం తీసుకెళ్లి కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. ఆ మిగిలిన కూర మేమూ తినలేకపోయాం.

ఇక పుస్తకం ఇంట్లో ఉండకూడదని, పాత చీరముక్కలో చుట్టి ఖాలా దగ్గరికి పట్టుకెళ్లాను.

"ఖాలా, గిది జర నీ అల్మారల పెట్టుకో. మా ప్రార్థనలు. ఎవ్వలకు తెల్వద్దు."

"తెల్వద్దా?" అని ఆమె వక్క నములుతూ వేళ్లు మడవసాగింది. "పెద్దాయనకు మోకాలు నొప్పి. మూలింటి పిల్లకు దుబాయి నుంచి ఖత్ రావాలె. బర్రె ఈనింది, గది కొట్టేసినవు. బీడీలామె కొడుకు..." ఇక్కడ గొంతు తగ్గించింది, "...పాణంతోని ఇంటికి రావాలె. మొన్న బుధవారం కొత్తదొకటి చదివినవు బేటా. నాకు దగ్గొచ్చి సరిగ ఇనబడలె. ఏందది?"

"నీకెట్ల ఎర్క ఖాలా?"

"పొద్దుగాల ఫజర్ నమాజుకు లేస్త గదా. నేను సురూ చేసుడు, నువ్వు సురూ చేసుడు. మోకాలు గురించి నేను గూడ అడిగిన, ఏమనుకోకు."

"గంత గట్టిగ చదువుతున్ననా?"

"గట్టిగనా? బోరింగు కాడ ఆడోళ్లు కొట్టుడు ఆపి ఇంటరు!"

పన్నెండేళ్ల వయసు నుంచి సాంచాల మధ్య పెరిగినవాడికి తన గొంతు ఎంతో తనకు తెలియదు. అక్కడ పక్కవాణ్ణి మంచినీళ్లు అడగాలన్నా అరవాలి. నేను గుసగుసలాడుతున్నాననే అనుకున్నాను. ఎవరికీ చూపించకుండా బియ్యంలో దాచిన పేరును ఏడాదిగా రోజూ కిటికీలోంచి ఊరికి చదివి వినిపించానన్నమాట.

ఇంటికొచ్చి చెబితే నా భార్య తల పట్టుకుంది. "మెల్లగ అనుమని ఎన్నిమాట్ల చెప్పిన?"

"ఎప్పుడు చెప్పినవు?"

"మెల్లగ చెప్పిన. నీకెట్ల ఇనబడ్తది?"

మర్నాటి నుంచి కిటికీ మూసి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని ప్రార్థించాను. ఏ జీపు చప్పుడైనా బీడీలామె ఇంటి వైపేనేమో అనిపించేది. సందులో ఎవరు కనబడినా, ఈయన వినే ఉంటాడు, ఎవరికి చెప్పి ఉంటాడు అని లెక్కపెట్టేవాణ్ణి. అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదోరోజు మధ్యాహ్నం తలుపు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"పేర్లు సదువుడు ఎందుకు బంద్ చేసిండ్రు?" అన్నాడు. "లిస్టు ఇచ్చేసిండ్రా? ఎవలకిచ్చిండ్రు?"

"ఏం లిస్టన్నా?" అన్నాను.

"నాతోని ఆటలొద్దు అయ్యగారు. దినాం పొద్దుగాల పేర్లు సదువుతరు. నెలకోపారి డాకుల మందం కవరు ఏస్తరు. నా పేరు అందుల ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పుండ్రి."

ఆ కవరులో నేను మిషను ఆఫీసుకు పోస్టులో పంపే నెల రిపోర్టు ఉంటుంది, తిరిగిన ఊళ్లు, పంచిన పుస్తకాలు. చెప్పాను. నమ్మలేదు. నా భార్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. నీళ్లు తాగకుండా గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"మాది వీర్నపల్లి దిక్కు. నేను దర్జీని. అన్నలు ఏసుకునే పచ్చబట్ట ఎవలో తెచ్చి నాలుగు జతలు కుట్టుమన్నరు. కుట్టనంటే ఊకుంటరా? కుట్టిన. పోలీసోళ్లు తీస్కపోయి కొట్టిండ్రు, మూడు దినాలకు ఇడిసిపెట్టిండ్రు. గంత జల్ది ఎట్ల ఇడిసిండ్రని అన్నలకు అనుమానం. ఊరి నడుమ నిలవడి ఇన్ఫార్మర్లని పేర్లు సదివిండ్రు. నాది రెండోది. సంచి సదురుకొని గీడికి వచ్చిన. వచ్చి గదిల దిగిన మొదటి పొద్దుగాల్నే, గీ కిటికీలకెంచి పేర్లు సదువుతుండ్రు! నా పాణం ఎటువోవాలె?"

పసుపు బస్తాలు అబద్ధం. గదిలో తలుపేసుకుని ఒక షాపువాళ్లకు కాజాలు కుడుతున్నాడట. మేము అతనికి భయపడ్డ అయిదు వారాలూ అతను మాకు భయపడ్డాడు. ఆదివారాలు వచ్చింది తన పేరు ఉందో లేదో చూసుకోవడానికి, తలుపు పక్కన కూర్చున్నది పారిపోవడానికి.

నా భార్య అడిగింది: "నీ పేరు గూడ రాయమంటవా అన్నా, ప్రార్థనకు?"

"రాయద్దమ్మా, నీకు దండం వెడ్త. నోటితోని చెప్పుండ్రి. అది గూడ..." అని నా వైపు చూశాడు, "...అమ్మగారే చెప్పాలె."

అతను వెళ్లాక కూడా, చెప్పింది నిజమేనా అని మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం. పట్టిన జబ్బు ఒక్కరోజులో వదలదు. కానీ ఒకటి మాత్రం తేలిపోయింది. అతను కూడా బీడీలామె కొడుకు పేరు విన్నాడు. ఇక దాచి లాభం లేదు, ఆమెకు నేనే చెప్పాలి.

శనివారం ఆమె భర్త పనికి వెళ్లిన వేళ చూసి వెళ్లాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను గడప దగ్గరే కూలబడి, ఖాలా సంగతి, దర్జీ సంగతి, నా గొంతు సంగతి అన్నీ చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. ఆకు మడతపడుతోంది, పొగాకు పడుతోంది, దారం తిరుగుతోంది.

"తప్పయింది అమ్మా" అన్నాను చివరికి. "అయితే గీ వారం సంది కిటికీ మూసి, తువ్వాల అడ్డం పెట్టి చేస్తున్న. ఇగ ఎవ్వలకు ఇనబడది."

అప్పుడు ఆగాయి చేతులు.

"గందుకేనా!" అంది. "వాని పేరు తీసేసిండ్రనుకొని అయిదారు దినాల సంది నా కంటికి నిద్ర లేదు అయ్యగారు. మా ఇంట్ల నల్ల ఉన్నది, నీళ్లకు కరువు లేదు. బిందె వట్టుకొని మీ బోరింగు కాడికి నేను దేనికొస్తున్ననుకున్నరు? ఇంట్ల వాని పేరే తియ్యద్దన్నడు మా ఇంటాయన. మొదటి పొద్దు మీ కిటికీల ఇన్నప్పుడు గుండె జారిపోయింది. రెండో పొద్దు మిమ్ముల తిట్టుదామని వచ్చిన. మూడో పొద్దు ఇందామని వచ్చిన. ఏడాది సంది వాడకట్టంత ఇంటున్నది, ఒక్కలన్న పోయి చెప్పిండ్రా? మీరు గుసగుస వెడ్తె దేవునికి ఇనబడ్తదేమో గని, నాకు ఇనబడద్దా?"